నెల జీతం పారేస్తే నోటీసు ఇచ్చినట్టేనా?

సమ్మె చెయ్యాలంటే కార్మికులు 14 రోజుల ముందు యాజమాన్యానికి నోటీసివ్వాలి. 2020లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ చెప్తున్న మాట ఇది. ఇదివరకు ఈ షరతు రైల్వేలు, కరెంటు, నీటి సరఫరా వంటి ప్రజోపయోగ సేవలకు మాత్రమే ఉండేది. ఇప్పుడు బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే అమ్మాయికీ, బిస్కట్ల కంపెనీలో ప్యాకింగు చేసే ఆమెకూ ఇదే షరతు. నోటీసు లేకుండా పని ఆపితే అది చట్టవిరుద్ధమైన సమ్మె. వెయ్యి నుంచి పదివేల రూపాయల దాకా జరిమానా, లేదా నెల రోజుల దాకా జైలు, లేదా రెండూ.

సరే, మరి మనల్ని పనిలోంచి తీసెయ్యాలనుకున్నప్పుడు యాజమాన్యం మనకెన్ని రోజుల ముందు చెప్పాలి? మూడొందల మంది కన్నా తక్కువ పనిచేసే చోటైతే ఒక నెల. కానీ ఆ నెల కూడా ముందుగా చెప్పనక్కర్లేదు. నెల జీతం చేతిలో పెడితే సరిపోతుంది. అంటే సాయంత్రం గంట కొట్టాక సూపర్‌వైజరు వచ్చి 'రేపట్నుంచి రావద్దమ్మా' అనొచ్చు. కవరులో నెల డబ్బూ, నష్టపరిహారం లెక్కా సరిగా ఉంటే చట్టం దృష్టిలో అతను నోటీసు ఇచ్చినట్టే! ఆ కోడ్‌లోనే ఇంకో వింత ఉంది. మూడొందల మందికి పైగా ఉన్న ఫ్యాక్టరీలో ప్రభుత్వ అనుమతి లేకుండా వందలమందిని తీసేసిన యజమానికి మొదటిసారి తప్పుకి జరిమానా మాత్రమే, లక్ష నుంచి పది లక్షల దాకా. జైలు మాట రెండోసారి చేస్తేనే. నోటీసివ్వకుండా పని ఆపిన కార్మికురాలికి మాత్రం మొదటిసారే జైలు తలుపు తెరిచి ఉంటుంది. ఎవరి నోటీసు ఎంత ముఖ్యమో ఈ చట్టం రాసినవాళ్ళకి బాగానే తెలుసు.

ముందస్తు నోటీసు అనే హక్కు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1947లో పారిశ్రామిక వివాదాల చట్టం వచ్చినప్పుడు అందులో తొలగింపుల గురించి ఇప్పుడు మనం చెప్పుకునే రక్షణలేవీ లేవు. బట్టల మిల్లుల్లో సరుకు పేరుకుపోయి వేలమందిని ఇంటికి పంపించే పరిస్థితి వచ్చాక, 1953లో ఒక అధ్యాయాన్ని కొత్తగా చేర్చారు. 25-ఎఫ్ సెక్షన్ అక్కడిదే. ఏడాదిలో 240 రోజులు పనిచేసిన మనిషిని తీసెయ్యాలంటే కారణం చూపిస్తూ రాతపూర్వకంగా నెల రోజుల నోటీసు లేదా ఆ నెల జీతం, పూర్తయిన ప్రతి సంవత్సరానికీ 15 రోజుల సగటు వేతనం చొప్పున నష్టపరిహారం, ప్రభుత్వానికి తెలియజెయ్యటం. ఇవి పాటించకుండా తీసేస్తే ఆ తొలగింపు చెల్లదని 1960లో బొంబాయి హాస్పిటల్ మజ్దూర్ సభ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 'ముందు తీసేశాం, డబ్బు తర్వాత ఇస్తాం' అనే మాట కుదరదని దాని అర్థం.

1976లో ఇంకో అడుగు ముందుకు వేశారు. మూడొందలు, ఆ పైన కార్మికులున్న ఫ్యాక్టరీలు, గనులు, తోటలు లే-ఆఫ్‌కీ, తొలగింపుకీ, మూసివేతకీ ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్నారు. తొలగింపుకి నోటీసు మూడు నెలలు. 1984లో ఆ మూడొందల పరిమితిని వందకు తగ్గించారు. అంటే మరింత మందికి రక్షణ దొరికింది. యజమానులు ఊరుకోలేదు, కోర్టులకెక్కారు. మూసివేతకు అనుమతి అడగాలన్న సెక్షన్‌ని 1978లో ఎక్సెల్ వేర్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. దాన్ని మార్చి మళ్ళీ తెచ్చారు. తొలగింపుకు అనుమతి అడగాలన్న సెక్షన్ మాత్రం 1992లో మీనాక్షి మిల్స్ కేసులో నిలబడింది. నూతన ఆర్థిక విధానం వచ్చిన మరుసటి ఏడాది వచ్చిన తీర్పు అది. అప్పట్నించీ వంద అనే ఆ అంకె మీద యజమానుల కన్ను పడింది. 2014లో రాజస్థాన్ దాన్ని తిరిగి మూడొందలు చేసింది. 2020 కోడ్ దేశమంతటికీ అదే చేసింది. అంతటితో ఆగలేదు. ప్రభుత్వం కావాలనుకుంటే నోటిఫికేషన్‌తో ఆ అంకెను ఇంకా పెంచుకోవచ్చు. శాసనసభలో చర్చ కూడా అక్కర్లేదు.

తొంభైతొమ్మిది మంది దగ్గర ఆగిన యజమానులను మనం చూశాం. ఇక రెండొందల తొంభైతొమ్మిది దగ్గర ఆగేవాళ్ళను చూస్తాం. ఒకే ఆవరణలో రెండు పేర్లతో రెండు కంపెనీలు, మధ్యలో ఒక రేకుల గోడ. కాంట్రాక్టరు కింద చూపించిన ఆడవాళ్ళు లెక్కలో ఎటూ కనిపించరు.

ఇక్కడ మాటల సంగతి కొంచెం తెలుసుకోవాలి, ఎందుకంటే యాజమాన్యం వాడే మాటను బట్టి మన హక్కు మారిపోతుంది. లే-ఆఫ్ అంటే సరుకో, కరెంటో, ఆర్డర్లో లేక తాత్కాలికంగా పని ఇవ్వలేకపోవటం. ఉద్యోగం ఉన్నట్టే, పని ఉండదు, యాభై మంది, ఆ పైన ఉన్న చోట సగం జీతం ఇవ్వాలి. రిట్రెంచ్‌మెంట్ అంటే ఉద్యోగమే పోవటం. క్లోజర్ అంటే ఫ్యాక్టరీనే మూసెయ్యటం, దీనికి యాభై మంది, ఆ పైన ఉంటే ప్రభుత్వానికి అరవై రోజుల ముందు చెప్పాలి. లాకౌట్ అంటే వివాదం పేరుతో గేటుకి తాళం వెయ్యటం. యజమాని ఎప్పుడూ తనకి తక్కువ ఖర్చయ్యే మాటనే ఎంచుకుంటాడు. 2015 డిసెంబరులో బోధన్, మెట్‌పల్లి, ముంబోజిపల్లిలో నిజాం షుగర్స్ ఫ్యాక్టరీలకు తాళం పడినప్పుడు వాడిన మాట లే-ఆఫ్. తాత్కాలికమన్నది ఏళ్ళ తరబడి సాగింది. తాత్కాలికం అనే మాటకు అంత పొడుగు అర్థం ఏ నిఘంటువులోనూ లేదు.

లే-ఆఫ్‌లో సగం జీతం కూడా ఊరికే రాదు. పాత చట్టంలో 25-ఇ అనే సెక్షన్ ఉండేది. సగం జీతం కావాలంటే పనివేళల్లో రోజుకొక్కసారైనా ఫ్యాక్టరీకి వచ్చి 'నేనున్నాను' అని కనిపించాలి. రెండు బస్సులు మారి వచ్చే ఆడమనిషి, పిల్లని పక్కింట్లో దించి వచ్చే ఆడమనిషి, పని లేని ఫ్యాక్టరీ గేటు దగ్గరికి రోజూ ఛార్జీలు పెట్టుకుని వచ్చి సంతకం పెట్టి వెళ్ళాలన్నమాట. సగం జీతంలో ఛార్జీలు తీసేస్తే మిగిలేదెంతో ఆ సెక్షన్ రాసిన వాళ్ళెవరూ లెక్క వేసి ఉండరు.

చట్టం బలంగా ఉన్న రోజుల్లో కూడా ఏం జరిగిందో చెప్పటానికి ఒక ఉదాహరణ చాలు. కర్ణాటకలోని శ్రీరంగపట్నంలో గోకల్‌దాస్ ఎక్స్‌పోర్ట్స్ వారి యూరో క్లోతింగ్ కంపెనీ-2 అనే బట్టల ఫ్యాక్టరీ ఉండేది. పన్నెండు వందల మందికి పైగా కార్మికులు, వాళ్ళలో అత్యధికులు స్త్రీలు. హెచ్ అండ్ ఎమ్ అనే విదేశీ కంపెనీకి బట్టలు కుట్టేవాళ్ళు. 2020 జూన్‌లో, లాక్‌డౌన్ సడలించిన కొద్ది రోజులకే, ఆర్డర్లు లేవంటూ అందరికీ లే-ఆఫ్ ప్రకటించారు. వంద మంది దాటిన ఫ్యాక్టరీ కాబట్టి అప్పటి చట్టం ప్రకారం అనుమతి కావాలి. అలాంటి అనుమతి తీసుకోలేదని యూనియన్ అన్నది. మిషన్లు బయటికి తరలిపోతున్నాయని తెలుసుకున్న స్త్రీలు ఫ్యాక్టరీ ముందే కూర్చున్నారు. వారాల తరబడి కూర్చున్నారు. గార్మెంట్ అండ్ టెక్స్‌టైల్ వర్కర్స్ యూనియన్ వాళ్ళకు తోడు నిలిచింది. చివరికి 2021 మొదట్లో యూనియన్‌తో ఒప్పందం కుదిరి, అదే కంపెనీకి చెందిన వేరే ఫ్యాక్టరీలో పని ఇవ్వటానికి యాజమాన్యం ఒప్పుకుంది.

ఆ స్త్రీలు మిషన్ల దగ్గర ఎందుకు కాపలా కూర్చున్నారో ఆలోచిస్తే నోటీసు విలువ అర్థమవుతుంది. మిషన్లు లోపల ఉన్నంతసేపూ యజమానికి మనతో మాట్లాడవలసిన అవసరం ఉంటుంది. లారీ గేటు దాటాక మనం ఎవరితో మాట్లాడాలి? గోడలతోనా? నోటీసు అంటే బేరమాడటానికి దొరికే సమయం. లేబర్ ఆఫీసుకి వెళ్ళటానికి, యూనియన్‌ని పిలవటానికి, లెక్కల పుస్తకాలు చూపించమని అడగటానికి, ఇంకో పని వెతుక్కోవటానికి దొరికే సమయం. దాన్ని నెల జీతంతో కొనెయ్యొచ్చని ఒప్పుకున్న క్షణంలోనే మన బలంలో సగం అమ్ముడుపోయింది.

డబ్బు లెక్కే చూద్దాం. నెలకు పదివేలు వచ్చే స్త్రీ ఎనిమిదేళ్ళు పనిచేసిందనుకోండి. ఏడాదికి పదిహేను రోజుల చొప్పున సుమారు నలభై వేలు, నోటీసుకు బదులు పదివేలు. గ్రాట్యుటీ వేరే. ఎనిమిదేళ్ళ కంటిచూపుకూ, నడుంనొప్పికీ యాభై వేలు. డ్వాక్రా అప్పు, మైక్రోఫైనాన్సు వాళ్ళ వారం కిస్తీ, పిల్లల ఫీజు, ఇంటద్దె ఇవన్నీ జీతం ఒకటో తారీఖుకి వస్తుందన్న నమ్మకం మీద కట్టుకున్నవి. నెల ముందు తెలిస్తే కొత్త చీటీ ఎత్తదు, కొత్త అప్పు తీసుకోదు. ముందు రోజు సాయంత్రం తెలిస్తే?

ఇక చట్టం ఆడా మగా అని చూడదంటారు. నిజమే, చూడదు. చూడకపోవటంలోనే చిక్కుంది. తీసేసేటప్పుడు చివర చేరినవాళ్ళను ముందు తీసెయ్యాలన్నది సూత్రం. వినటానికి న్యాయంగానే ఉంటుంది. కానీ కాన్పుకి మానేసి, మళ్ళీ చేరిన ఆడమనిషి ఎప్పుడూ 'చివర చేరిన' మనిషే. అయిదేళ్ళు నిండితే గ్రాట్యుటీ ఇవ్వాల్సి వస్తుందని రాజీనామా రాయించుకుని, వారం తర్వాత కొత్త నెంబరుతో చేర్చుకునే పద్ధతి బట్టల ఫ్యాక్టరీల్లో అందరికీ తెలిసిందే. పదేళ్ళుగా అదే కుర్చీలో కూర్చున్నా కాగితం మీద ఆమె వయసు ఏడాది. పైగా ఈ సూత్రాన్ని ఒక్కో కేటగిరీలో విడివిడిగా చూస్తారు. హెల్పర్లందరూ ఆడవాళ్ళు, కటింగ్ మాస్టర్లందరూ మగవాళ్ళు అయిన చోట హెల్పర్ల కేటగిరీనే ఎత్తేస్తే ఆడవాళ్ళను ప్రత్యేకంగా ఎంచుకుని తీసేశారని నిరూపించటం ఎలా?

గర్భిణి విషయంలో ఒక మంచి రక్షణ ఉంది. చాలామందికి తెలియదు కాబట్టి చెప్తున్నాను. ప్రసూతి సెలవులో ఉన్న స్త్రీని తీసెయ్యకూడదు. అంతేకాదు, నోటీసు గడువు ఆ సెలవులో ముగిసేలా నోటీసు ఇవ్వటం కూడా చట్టవిరుద్ధం. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టంలో ఉండిన ఈ రక్షణ ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లోకి వచ్చింది. రోజుకూలీ మీద పనిచేసే స్త్రీలకూ ప్రసూతి ప్రయోజనాలు వర్తిస్తాయని 2000లో ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ మస్టర్ రోల్ కార్మికురాళ్ళ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పును లేబర్ ఆఫీసరుకి గుర్తు చెయ్యవలసిన అవసరం ఇంకా వస్తూనే ఉంది.

బీడీలు చుట్టే మన అక్కచెల్లెళ్ళ సంగతి చూడండి. నిజామాబాదు, జగిత్యాల, నిర్మల్, సిరిసిల్ల వైపు ఇంట్లో కూర్చుని చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని చుట్టే స్త్రీలకి ఫ్యాక్టరీ లేదు, గేటు లేదు. అయినా 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటి దగ్గర చుట్టేవాళ్ళను కూడా కార్మికులుగానే గుర్తించింది. ఆరు నెలలు పనిచేసిన మనిషిని సరైన కారణం లేకుండా, నెల నోటీసు లేదా నెల కూలి లేకుండా తీసెయ్యరాదని 31వ సెక్షన్‌లో రాసింది. ఎంతమందికి ఇచ్చారు? అక్కడ తొలగింపు ఎలా జరుగుతుందంటే, ఆకు తక్కువొచ్చిందంటారు. వారానికి ఆరు రోజులు ఇచ్చే పని నాలుగు రోజులవుతుంది, తర్వాత రెండు. ఒకరోజు కార్ఖానా దగ్గర సేట్ ఆకు రాలేదంటాడు. ఎవరూ ఎవర్నీ తీసెయ్యలేదు! రాతపూర్వకంగా ఒక్క ముక్క లేదు. ఇప్పుడా చట్టాన్ని కూడా 2020 కోడ్‌లలో కలిపేశారు.

ఇదే పద్ధతి ఇప్పుడు ఫ్యాక్టరీలకీ కొత్త పేరుతో వస్తోంది. ఫిక్స్‌డ్ టర్మ్ ఎంప్లాయ్‌మెంట్, అంటే గడువు ఉద్యోగం. ఏడాది పనిచేస్తే గ్రాట్యుటీ ఇస్తామని ఆశ పెడుతున్నారు, అది కాదనలేని మెరుగుదలే. కానీ గడువు తీరితే అది తొలగింపు కిందికి రాదు. నోటీసు లేదు, పరిహారం లేదు. గడువు ఇంతకు మించి ఉండకూడదనీ, ఇన్నిసార్లకు మించి పొడిగించకూడదనీ కోడ్‌లో ఎక్కడా లేదు. పదకొండు నెలల కాగితం మీద పదేళ్ళు పని చేయించుకోవచ్చు. చేరిన రోజునే చేతిలో పెట్టిన తొలగింపు కాగితం అది. గర్భం కనిపించే నెలకి గడువు తీరితే, ఇక ప్రసూతి సెలవులో తీసెయ్యరాదన్న రక్షణ ఎవరికి?

'తీసెయ్యటం కష్టమైతే చేర్చుకోవటం మానేస్తారు, నోటీసులూ అనుమతులూ ఉంటే పెట్టుబడి రాదు' అని పత్రికల్లో ముప్ఫై అయిదేళ్ళుగా రాస్తున్నారు. అనుమతి కావాలన్న నిబంధన ఎప్పుడూ పెద్ద ఫ్యాక్టరీలు, గనులు, తోటలకే ఉండేది. దుకాణాలు, ప్రైవేటు ఆసుపత్రులు, ప్రైవేటు బడులకి ఆ అడ్డు ఏనాడూ లేదు. స్త్రీలు ఎక్కువగా పనిచేసే చోట్లవి. అక్కడ పని ఏమైనా స్థిరంగా ఉందా? జీతాలేమైనా పెరిగాయా? అనుమతి కోసం దరఖాస్తు పెడితే అరవై రోజుల్లో ప్రభుత్వం జవాబివ్వకపోతే అనుమతి దొరికినట్టే లెక్క. అధికారి ఫైలు మీద కునుకు తీస్తే చాలు, అంత 'కఠినమైన' చట్టం ఇది. అయినా బట్టల కంపెనీకి ఏ సీజనుకి ఎన్ని ఆర్డర్లు వస్తాయో నెలల ముందే తెలుస్తుంది. తమకు తెలిసింది మనకు చెప్పమనే అడుగుతున్నాం.

పెట్టుబడిదారీ స్వర్గం అనుకునే అమెరికాలో కూడా 1988లో వార్న్ అనే చట్టం చేశారు. వందమంది ఉద్యోగులున్న సంస్థ పెద్దయెత్తున తొలగించాలన్నా, ప్లాంటు మూసెయ్యాలన్నా అరవై రోజుల ముందు రాసి చెప్పాలి. మినహాయింపులూ, సందులూ చాలానే ఉన్నాయి. అనుమతి ప్రసక్తి అసలే లేదు. అయినా మన ఊళ్ళనుంచి వెళ్ళి హెచ్-1బి వీసా మీద పనిచేసే పిల్లలకి ఆ అరవై రోజులు ఎంత ముఖ్యమో వాళ్ళ తల్లుల్ని అడగండి. ఉద్యోగం పోయాక దేశంలో ఉండటానికి వాళ్ళకు దొరికే గడువు కూడా అరవై రోజులే. ఆ పిల్లల కోసం బెంగపడే మధ్యతరగతి ఇళ్ళలోనే ఇక్కడి ఫ్యాక్టరీ అమ్మాయికి నోటీసెందుకనే మాట వినిపిస్తుంది. తొలగింపులకు ముందు కార్మికుల ప్రతినిధులతో చర్చించాలని చెప్పే 158వ ఐ.ఎల్.ఓ. ఒడంబడిక 1982 నాటిది. భారతదేశం ఇప్పటికీ దాన్ని ఆమోదించలేదు.

మన పోరాటం యాజమాన్యాలతోనే అనుకుంటే పొరపాటు. కొన్ని యూనియన్ ఆఫీసుల్లో కూడా 'ఆడవాళ్ళ జీతం చన్నీళ్ళకి వేణ్ణీళ్ళు' అనే భావం పోలేదు. జాబితా తయారయ్యేటప్పుడు 'ఆమె భర్త సంపాదిస్తున్నాడుగా' అనే మాట నోరు జారి వస్తుంది. భర్త చనిపోయినవాళ్ళు, వదిలేసినవాళ్ళు, తాగి పడుండే భర్త ఉన్నవాళ్ళు ఎంతమంది మిషన్ల ముందు కూర్చున్నారో యూనియన్ నాయకుడికి తెలియదా? చర్చల బల్ల దగ్గర ఒక్క స్త్రీ కూడా కూర్చోని ఒప్పందాల్లో ఎవరి పేర్లు ముందు పోతాయో వేరే చెప్పాలా? 1990ల చివర, 2000ల మొదట్లో ప్రభుత్వ సంస్థల్లో వి.ఆర్.ఎస్. జోరుగా సాగినప్పుడు కూడా 'స్వచ్ఛందం' అనే మాట వాడారు. స్వచ్ఛంద విరమణ చట్టం ప్రకారం తొలగింపు కాదు కాబట్టి నోటీసు అక్కర్లేదు. సంతకం పెట్టకపోతే ఇదీ రాదని భయపెట్టి పెట్టించిన సంతకం ఏపాటి స్వచ్ఛందమో పెట్టినవాళ్ళకే తెలుసు. అందుకే తెల్లకాగితం మీదగానీ, చదవటం రాని ఇంగ్లీషు ఫారం మీదగానీ గేటు దగ్గర సంతకం పెట్టకండి. ఇంటికి తీసికెళ్ళి చదివించుకుని ఇస్తామనండి. నష్టపరిహారం తీసుకోవలసి వస్తే, 'అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని సంతకం పక్కన తెలుగులో రాయండి.

ఇంకొక సంగతి. ఏడాదిలో 240 రోజులు పనిచేశానని నిరూపించవలసింది కార్మికురాలేనని 2002లో హదిమని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హాజరు పుస్తకం ఉండేది యజమాని బీరువాలో, రుజువు తేవలసింది మనం! కాబట్టి జీతం చీటీలు, ఈ.ఎస్.ఐ. కార్డు, పి.ఎఫ్. ఖాతా వివరాలు, బ్యాంకు పాసుబుక్కు ఒకచోట పెట్టుకోండి. రోజూ గేటు లోపలికి వెళ్ళిన తేదీని క్యాలెండరు మీద గీత గీసుకోవటం కూడా మంచిదే, అందరూ కలిసి గీసుకుంటే మరీ మంచిది. తీసేసిన మనిషి నేరుగా లేబర్ కోర్టుకి వెళ్ళే వీలు మన రాష్ట్రంలో 1987 సవరణతోనే వచ్చింది, దేశమంతటికీ 2010లో వచ్చింది. అప్పుడు గడువు మూడేళ్ళు. కొత్త కోడ్‌లో అది రెండేళ్ళు. 'పెద్దమనుషులు మాట్లాడుతున్నారు, కొంచెం ఆగండి' అంటూ ఎవరైనా ఏడాది గడిపేస్తే, మిగిలేది ఇంకొక్క ఏడాదే.